కుశస్థలికి కాస్త పులుపు

నగరి దగ్గర కుశస్థలి ఏటిని చూసి కొందరు అనవసరంగా టెన్షన్ పడుతున్నారు. నూలుకు రంగులేసే యూనిట్ల నుంచి వచ్చే నీళ్లలో క్షారం ఎక్కువట, వేళ్లకు సబ్బు నీళ్లలా జారతాయట. ఇందులో బాధపడాల్సిందేముంది? మన తాతల కాలంలో చాకలివాళ్లు చౌడు మన్ను ఎక్కడుందా అని వెతుక్కుని, మోసుకొచ్చి, బట్టలు ఉడకేసేవాళ్లు. ఇప్పుడా శ్రమ తప్పింది. చౌడే ఏరై ఊరి ముందుకు వస్తోంది.

అయినా రూలు రూలే. ఏట్లోకి వదిలే నీటి పీహెచ్, అంటే పులుపునీ క్షారాన్నీ కొలిచే అంకె, సాధారణ పరిమితి ప్రకారం 5.5కీ 9కీ మధ్య ఉండాలి. ఏడంటే రెండూ కాని మంచినీళ్లు, దిగితే పులుపు, ఎక్కితే క్షారం. నూలుకు రంగు గట్టిగా పట్టాలంటే సోడా యాష్, కాస్టిక్ సోడా వేయక తప్పదు, ఆ తొట్టి పీహెచ్ 11 దాకా పోతుంది. 'తొమ్మిదికీ పదకొండుకీ తేడా రెండే కదా సార్' అంటారు. ఆ లెక్కలో ఒక్కో మెట్టు పదింతలు, రెండు మెట్లంటే వందింతలు. బావమరిది 'రెండ్రోజుల్లో ఇచ్చేస్తా బావా' అంటాడే, ఆ రెండు ఇది.

విరుగుడు అందరికీ తెలుసు, యాసిడ్ పోయడమే. కాకపోతే సల్ఫ్యూరిక్ యాసిడ్ చెయ్యి జారి కాస్త ఎక్కువ పడిందా, పీహెచ్ ఏడు దగ్గర ఆగకుండా మూడుకి దూకుతుంది. అప్పుడు మళ్లీ కాస్టిక్ పోయాలి. బాయిలర్ పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ను నీళ్లలోకి పంపితే ఈ దూకుడు ఉండదు, అది నెమ్మదైన ఆమ్లం. కానీ ఊరికే వచ్చే పొగను వాడుకుంటే పొగగొట్టం చిన్నబుచ్చుకోదూ?

ఇవన్నీ కూలంకషంగా పరిశీలించిన మీదట నాదొక ప్రతిపాదన. 2025లో మన చిత్తూరు జిల్లా రైతులు తోతాపురి మామిడిని కొనే దిక్కులేక రోడ్ల మీద పారబోశారు. గుజ్జు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, వెరసి కిలో 12 అని లెక్క చెప్పినా కాయ కదల్లేదు. తోతాపురి గుజ్జు పీహెచ్ సుమారు 4. రోడ్డు మీద పోసేది ఏట్లో పోస్తే సరి! పండు కుళ్లి నీటిలోని ఆక్సిజన్‌ను తినేస్తుంది, చేపలు చస్తాయి అని ఎవరైనా అడ్డుపడొచ్చు. ఆ కాస్టిక్‌లో ఇంకా బతికున్న చేప కనబడితే చెప్పండి, శాలువా కప్పుదాం.

ఒక్క చిక్కు మిగిలింది. పులుపు కలిపితే క్షారం ఎక్కడికీ పోదు, ఉప్పుగా మారి నీళ్లలోనే కూర్చుంటుంది. దాన్ని తీయాలంటే ఆర్ఓ, అంటే నీళ్లను వదిలి ఉప్పును ఆపే పొర ఫిల్టరు, పెట్టాలి, మిగిలిన చిక్కటి నీళ్లను కాచి ఆవిరి చేయాలి. కరెంటు బిల్లు చూస్తే యజమానికే ఆవిరి వస్తుంది. మీటరు ఎలాగూ ఏడు చూపిస్తోంది కాబట్టి ఆ సంగతి వదిలేద్దాం. ఆ నీళ్లు కిందికి వెళ్లి చేరేది పూండి జలాశయానికి, అక్కణ్నించి చెన్నైకి. ఉప్పు పడింది, పులుపు పడింది, రంగు మనవాళ్లు ముందే వేశారు. తాలింపు చెన్నైవాళ్లు పెట్టుకుంటారు.