‘గొడవ తేలనిదే పడుకోవద్దు’ అని పౌలు అనలేదు

దంపతుల కూడికల్లో, పెళ్లి ప్రసంగాల్లో, వాట్సాప్ గ్రూపుల్లో ఒక సలహా తెగ తిరుగుతుంటుంది. సారాంశం ఇది: "భార్యాభర్తలు గొడవ తేలకుండా పడుకోకూడదని బైబిలే చెప్పింది. ఎంత రాత్రయినా మాట్లాడి తేల్చుకోండి. కోపంతో పడుకుంటే సాతానుకు చోటిచ్చినట్టే. కలిసి ప్రార్థన చేసుకుంటే అన్నీ సర్దుకుంటాయి. క్షమించాక ఆ సంగతి మళ్లీ ఎత్తకండి. ఇంటి మాట గడప దాటనివ్వకండి." వినడానికి ఎంతో భక్తిగా ఉంది. కానీ ఒక్కో ముక్కా విడదీసి చూస్తే కొంత వాక్యంలో లేనే లేదు, ఉన్నదాన్ని కూడా తిప్పి వాడుతున్నారు.

"బైబిలే చెప్పింది." చూపించే వచనం ఎఫెసీ 4:26, అపొస్తలుడు పౌలు ఎఫెసు సంఘానికి రాసిన పత్రికలోది. "కోపపడుడి గాని పాపము చేయకుడి, సూర్యుడస్తమించువరకు మీ కోపము నిలిచియుండకూడదు." కోపాన్ని నిలవ పెట్టుకోవద్దంటోంది. సమస్యను ఆ పూటే తేల్చేయమని అనడం లేదు. అప్పు ఎలా తీర్చాలి, అత్తమామల్ని ఎవరు చూసుకోవాలి, పిల్లల్ని ఎక్కడ చదివించాలి అన్నవి తేలడానికి నెలలు పట్టొచ్చు. ఆ నెలలన్నీ పళ్లు నూరుకుంటూ బతకాల్సిన పని లేదు.

పైగా ఇది దంపతుల కోసం ప్రత్యేకంగా రాసిన మాట కాదు. భార్యాభర్తల గురించి పౌలు ఎత్తుకునేది అయిదో అధ్యాయం 22వ వచనం నుంచి. నాలుగో అధ్యాయంలో సంఘమంతటితో మాట్లాడుతున్నాడు. అంటే సంఘ పెద్దలిద్దరి మధ్య కోపానికీ ఇదే వచనం వర్తిస్తుంది. అక్కడ ఏళ్ల తరబడి పలకరింపులు లేకపోయినా ఎవరూ ఈ వచనం ఎత్తరెందుకో.

అసలు విషయం ఇంకోటుంది. ఈ వచనం మొదటి సగం 4వ కీర్తన నాలుగో వచనంలోది. ఆ కీర్తన అక్కడితో ఆగలేదు. "మీరు పడకలమీద నుండగా మీ హృదయములలో ధ్యానము చేసికొని ఊరకుండుడి" అంటుంది. అర్ధరాత్రి దాకా వాదించుకోమనే సలహాకు ఆధారమని చూపిస్తున్న మాట పుట్టిన చోట, పడక మీద నోరు కట్టేసుకోమని ఉంది.

మరి సూర్యాస్తమయం సంగతి? యూదుల లెక్కలో రోజు సాయంత్రంతో ముగుస్తుంది. ద్వితీయోపదేశకాండం 24:15 కూలివాడి కూలి కూడా సూర్యుడు అస్తమించేలోపే ఇచ్చేయమంటుంది. ఈ రోజు బాకీ రేపటికి మోయొద్దన్నది రెండు చోట్లా ఉన్న భావం. అక్షరాలా పాటిస్తామంటే గడువు సాయంత్రానికే దాటిపోయింది, రాత్రి పదకొండుకు కూర్చోబెట్టడానికి ఈ వచనం చాలదు.

"ఎంత రాత్రయినా తేల్చుకోండి." ఎక్కువ కాపురాలు దెబ్బతినేది ఇక్కడే. అర్ధరాత్రి గొడవ ఎలా నడుస్తుందో చూడండి. మొదటి పావుగంట అసలు విషయం మీదే ఉంటుంది. తర్వాత "ఆ గొంతేంటి?" దగ్గరికి వస్తుంది. ఆపైన "నువ్వెప్పుడూ ఇంతే", ఆపైన పెళ్లినాటి సంగతులు, ఆపైన ఇరువైపుల పుట్టింటివాళ్లు. చివరికి ఎక్కువ అలిసిపోయినవాళ్లు "సరే, నాదే తప్పు, ఇక పడుకో" అంటారు. దాన్ని సమాధానపడడం అనుకుంటారు. అది లొంగుబాటు. ప్రతిసారీ లొంగేది ఒక్కరే అయితే ఆ మనిషి కొన్నాళ్లకు అసలు మాట్లాడడమే మానేస్తారు, అవతలివాళ్లేమో "మా మధ్య గొడవలే లేవు" అని సాక్ష్యం చెబుతుంటారు.

దీనికి శరీరానికి సంబంధించిన కారణం కూడా ఉంది. దంపతుల సంభాషణల్ని దశాబ్దాలపాటు పరిశీలించిన అమెరికా మనస్తత్వవేత్త జాన్ గాట్‌మన్ చెప్పేదేమిటంటే, గొడవలో గుండె వేగం నిమిషానికి సుమారు 100 దాటితే అవతలి మాట చెవిన పడినా బుర్రకెక్కదు, ఒళ్లు చల్లబడడానికి కనీసం 20 నిమిషాలు కావాలి. దీనికి నిద్రలేమి తోడైతే చెప్పేదేముంది? బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎమీ గార్డన్, సెరెనా చెన్ 2014లో ప్రచురించిన అధ్యయనంలో నిద్ర చాలని రాత్రుల తర్వాత జంటల మధ్య గొడవలు పెరిగాయి, ఇద్దరూ సరిగ్గా నిద్రపోయినప్పుడే అవి బాగా తేలాయి.

కోపంతో నిద్రపోతే అది మనసులో గట్టిపడిపోతుందని సైన్స్ తేల్చిందంటూ కొందరు 2016లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో వచ్చిన అధ్యయనాన్ని చూపిస్తారు. అందులో యువకులకు ముఖాల ఫోటోలనూ కలవరపెట్టే దృశ్యాలనూ జతగా గుర్తుపెట్టించి, నిద్ర తర్వాత ఆ దృశ్యాలను అణచుకోవడం కష్టమవుతుందని గమనించారు. అందులో దంపతులూ లేరు, గొడవా లేదు.

ముందు నిద్ర, తర్వాతే మాట అన్న వరుస బైబిల్లోనూ ఉంది. ప్రవక్త ఏలీయా చావు కోరుకున్న రోజు దేవుడు అతనికి ముందు నిద్ర, రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ నిద్ర, మళ్లీ భోజనం. "ఇక్కడ నువ్వేం చేస్తున్నావు?" అన్న ప్రశ్న అడిగింది నలభై రోజుల ప్రయాణం తర్వాత హోరేబులో (1 రాజులు 19).

అయితే వాయిదా వేయడానికీ ఒక పద్ధతుంది. ఊరికే అటు తిరిగి పడుకోవడం వాయిదా కాదు. ఆగుదామన్నవాళ్లే మళ్లీ కూర్చునే సమయం చెప్పాలి, అది 24 గంటల లోపే ఉండాలి. "ఇప్పుడు నా నోట మంచి మాట రాదు. రేపు సాయంత్రం పిల్లలు పడుకున్నాక నేనే మొదలుపెడతాను. నీ మీద ప్రేమ పోలేదు." ఇంతే, మూడు వాక్యాలు. మూడోది వదిలేస్తే అవతలివాళ్లకు రాత్రంతా నిద్ర పట్టదు. విరామంలో జవాబులు తయారుచేసుకుంటూ కూర్చుంటే కోపం తగ్గకపోగా కొత్తగా రాజుకుంటుంది కాబట్టి స్నానమో నడకో కీర్తనో ఏదో ఒకటి చేయండి. ఫోన్‌లో పొడుగాటి మెసేజ్‌లు మాత్రం పెట్టకండి. మెసేజ్‌కు గొంతు ఉండదు, చదివేవాళ్లు తమ కోపంలో ఉన్న గొంతునే దానికి తగిలిస్తారు.

మర్నాడు కూర్చున్నప్పుడు ఒకటే విషయం, అరగంటకు మించకుండా. ఒకరు రెండు మూడు నిమిషాలు చెబుతారు. రెండోవాళ్లు సమర్థించుకోకుండా విన్నదాన్ని తమ మాటల్లో తిరిగి చెబుతారు: "నేను అడక్కుండా మా తమ్ముడికి డబ్బిచ్చినందుకు కాదు, ఆ సంగతి నీకు వేరేవాళ్ల ద్వారా తెలిసినందుకు బాధపడ్డావు. అంతేనా?" "అంతే" అని వచ్చేదాకా మళ్లీ చెప్పాలి. తర్వాత "ఇంకేమైనా ఉందా?" అని ఒకసారి అడగాలి. అసలు మాట తరచూ అప్పుడే బయటికొస్తుంది. ఆ తర్వాత వంతులు మారతాయి. పరిష్కారం ఆఖర్న. సంగతి వినకముందే జవాబిచ్చేవాడు సిగ్గుపడతాడని సామెతలు 18:13 అనేది ఇందుకే. మొదలుపెడతానన్నవాళ్లు ఆ సమయానికి మొదలుపెట్టకపోతే ఈ పద్ధతంతా దండగ. రెండుసార్లు అలా జరిగితే మూడోసారి వాయిదాను ఎవరూ నమ్మరు.

"సాతానుకు చోటు." ఎఫెసీ 4:27లో ఆ హెచ్చరిక నిజంగానే ఉంది. కానీ అదే అధ్యాయం దుర్భాషను, అల్లరిని, దూషణను కూడా మానుకోమంటోంది (4:29, 31). ఇవి ఎక్కువగా దొర్లేది అర్ధరాత్రి వాదంలోనే. సమయం చెప్పకుండా రోజుల తరబడి మూతి ముడుచుకోవడమూ చోటివ్వడమే, అది శిక్ష కిందికి వస్తుంది.

"కలిసి ప్రార్థన చేసుకుంటే సర్దుకుంటాయి." మత్తయి 5:23-24లో యేసు చెప్పిన వరుస వేరు. అర్పణ బలిపీఠం ముందే వదిలేసి ముందు వెళ్లి సమాధానపడమన్నాడు. గొడవ మధ్యలో మోకరిస్తే "ప్రభువా, ఈమెకు లోబడే మనసివ్వు", "తండ్రీ, ఈయన కోపం తీసెయ్యి" అనే ప్రార్థనలు వస్తాయి. కళ్లు మూసుకుని చేసే వాదన అది, పైగా అవతలివాళ్లు జవాబివ్వడానికి వీల్లేని వాదన. కలిసి ప్రార్థించాలనిపిస్తే ఎవరి తప్పు వాళ్లే ఒప్పుకోండి, అవతలివాళ్ల పేరెత్తకండి.

"క్షమించాక మళ్లీ ఎత్తకండి." దెప్పిపొడవడానికి ఎత్తకూడదు, నిజమే. సరిచేయడానికి ఎత్తక తప్పదు. గాట్‌మన్ పరిశోధనల ప్రకారం దంపతుల విభేదాల్లో సుమారు 69 శాతం ఎప్పటికీ పూర్తిగా తేలనివి, స్వభావాల్లోని తేడాల నుంచి వచ్చేవి. వాటి గురించి మర్యాదగా మళ్లీ మళ్లీ మాట్లాడుకోవాల్సిందే. ఇక క్షమాపణ. "నీకు బాధ కలిగుంటే సారీ" అన్నది క్షమాపణ కాదు. ఏం చేశానో పేరు పెట్టి చెప్పాలి, దానివల్ల నీకేం జరిగిందో చెప్పాలి, "కానీ" అనకూడదు, ఏం సరిచేస్తానో చెప్పాలి. సుంకాలు వసూలుచేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానని యేసుతో అన్నాడు.

"ఇంటి మాట గడప దాటనివ్వకండి." ఒంటరిగా మాట్లాడి ఫలితం లేకపోతే ఒకరిద్దర్ని వెంటబెట్టుకెళ్లమని మత్తయి 18:16 చెబుతుంది. ఆ ఒకరిద్దరు ఇద్దరి మాటా వినేవాళ్లై ఉండాలి. ఒకరి తల్లో, ఒకరి స్నేహితుడో అయితే పని జరగదు. కుటుంబ సమస్యను ప్రార్థన అంశంగా గ్రూపులో పెట్టడం మాత్రం చాటింపే.

కొట్టడం, బెదిరించడం, గదిలో పెట్టి తాళం వేయడం ఉన్న ఇంట్లో పైన చెప్పిన పద్ధతులేవీ వాడకండి. అక్కడున్నది సంభాషణ లోపం కాదు. ఆ రాత్రి తేల్చుకోవడం కాదు, క్షేమమైన చోటికి వెళ్లడం ముఖ్యం. పోలీసుల సహాయం అడగడం అవిశ్వాసం కాదు. దావీదును చంపనని రాజైన సౌలు ప్రమాణం చేశాడు, తర్వాత మళ్లీ ఈటె విసిరాడు, దావీదు ఆ రాత్రే తప్పించుకుపోయాడు (1 సమూయేలు 19). మరోసారి సౌలు "నేను పాపం చేశాను, తిరిగి రా" అన్నప్పుడు దావీదు పగ తీర్చుకోలేదు, తిరిగి వెళ్లనూ లేదు (1 సమూయేలు 26). అలాంటి ఇంటికి "సూర్యుడస్తమించేలోపు సమాధానపడమ్మా" అని నచ్చజెప్పి పంపే సంఘ పెద్దలు ఆ రెండు అధ్యాయాలు చదివాకే నోరు విప్పాలి.