శిక్షణ ఇవ్వడమనే మహత్కార్యం

చేతివృత్తులవారికి ఆన్‌లైన్ అమ్మకాలు నేర్పే కార్యశాలకు ప్రణాళిక వేయడం ఎంత బరువైన బాధ్యతో, అటువంటి కార్యశాలలు జరిపే ఒక సంఘంలో సభ్యుడిగా కూర్చున్న నాకు బాగా తెలుసు. మొదట ఖరారు చేయవలసింది ముఖ్య అతిథి గారి తీరిక. ఆయనకు తీరిక దొరికిన రోజే శుభముహూర్తం. ఆనాడే కుమ్మరి ఆవం పెట్టుకున్నా, నేతగాడి మగ్గం మీద పని సగంలో ఉన్నా, అవి సంఘం పరిధిలోకి వచ్చే విషయాలు కావు. రెండవది బ్యానరు. మూడవదీ బ్యానరే, ఎందుకంటే మొదటి దానిలో ఒక పెద్దమనిషి పేరు చిన్న అక్షరాలలో పడింది.

ఉదయమంతా ‘మీ కథ చెప్పండి’ అనే అంశానికి కేటాయించాము. కొనేవారు వస్తువును కాక దాని వెనుక ఉన్న కథనే కొంటారని శిక్షకుడు వివరిస్తుండగా, బుట్టలల్లే ఆమె ఒకరు లేచి, “కథ సరేనండీ, బుట్టను పంపడానికి ఎంతవుతుంది?” అని అడిగారు. ఈ అప్రస్తుత ప్రసంగానికి సభ నవ్వింది. అయితే కొరియర్ సంస్థలు తూకంతో పాటు పెట్టె పరిమాణాన్నీ చూస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి, సాధారణంగా 5000తో భాగించి, వచ్చినది అసలు బరువు కన్నా ఎక్కువైతే దానికే వసూలు చేస్తాయి. 40, 40, 30 సెంటీమీటర్ల పెట్టెలో పెట్టిన బుట్ట అర కిలో కూడా తూగకపోయినా 9.6 కిలోల కింద లెక్కకు వస్తుంది. అంటే ఆమె బుట్టలోని గాలికి కూడా ఛార్జీ కట్టాలి. ఈ లెక్కను భోజనానంతరం చెబుతామన్నాము. భోజనానంతరం వందన సమర్పణ ఉన్నది.

‘ఇక దళారులు ఉండరు’ అనే స్లైడుకు చప్పట్లు బాగా పడ్డాయి. చేతితో చేసిన వస్తువులు అమ్ముకునే వెబ్‌సైటు ఎట్సీ 2022 ఏప్రిల్‌లో లావాదేవీ రుసుమును 5 నుంచి 6.5 శాతానికి పెంచిందనీ, ఆ శాతం వస్తువు ధర మీదే కాక రవాణా ఛార్జీ మీద కూడా పడుతుందనీ, కొందరు అమ్మకందారులు వారం పాటు దుకాణాలు మూసి నిరసన తెలిపారనీ చెబితే ఆ చప్పట్లు మధ్యలో ఆగిపోయేవి కనుక, ఆ సంగతి విజ్ఞతతో వదిలేశాము.

ఫొటోల పాఠానికి లైట్లు అద్దెకు తెచ్చాము. అమెజాన్‌లో ప్రధాన చిత్రానికి నేపథ్యం అచ్చమైన తెలుపు కావాలనీ, వస్తువు చిత్రంలో 85 శాతం నిండాలనీ నేర్పాము. కిటికీ పక్కన పగటి వెలుతురులో తీసినా చక్కగానే వస్తుందని ఒప్పుకుంటే అద్దె బిల్లుకు సమాధానం ఎవరు చెప్పాలి?

ఖాతాలు తెరిచే వేళకు చిన్న చిక్కు వచ్చింది. ఏళ్ల తరబడి మట్టి పిసికిన కుమ్మరి వేలిముద్ర అరిగిపోయింది. హస్తకళ మహిమను పొద్దుటి నుంచి కీర్తించిన సభలో, ఆ చేతిని ఫోను గుర్తుపట్టలేదు. ఆయన పక్కన కూర్చున్న స్వచ్ఛంద సేవకుడి వేలితో పని కానిచ్చాము. ఇప్పుడా దుకాణం తెరవాలంటే ఆ కుర్రవాడు రావాలి.

వచ్చిన వారందరికీ ఖాతాలు తెరిపించామని నివేదిక రాసుకుని హాజరు పట్టీ తిప్పుతుండగా, బుట్టలల్లే ఆమె సంతకం పెట్టబోయి ఆగి, తనకు పోయిన ఈ రోజు కూలి ఏ పద్దులో వస్తుందని అడిగారు. కోశాధికారి కాగితాలన్నీ తిరగేశారు. అటువంటి పద్దు ఏదీ లేదు. బ్యానరు పద్దు మాత్రం రెండుసార్లు ఉన్నది.