రామతీర్థం బండను పక్కనే పెట్టుకుని భువనగిరికి రైలెక్కాలా?

విజయనగరంలో ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనకోడలు, సంక్రాంతి సెలవుల్లో రాక్ క్లైంబింగ్ శిక్షణకు భువనగిరి వెళ్తానని టికెట్ డబ్బులు అడిగింది. డబ్బులు ఇచ్చాను గానీ ఆ రాత్రంతా నాకు చిరాకు తగ్గలేదు. భువనగిరి మీద నాకు కోపమేమీ లేదు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ మొదట చెయ్యి ఆన్చి నేర్చుకున్నది ఆ బండ మీదే. నా చిరాకంతా మన ఊరి మీద. ఒక కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం, ఒక సాంకేతిక విశ్వవిద్యాలయం ఉన్న ఊరికి పన్నెండు పదమూడు కిలోమీటర్ల దూరంలో, నెల్లిమర్ల దాటగానే, రామతీర్థం దగ్గర అంతంత నున్నటి బోడిబండలు కనబడుతుంటే, తాడు కట్టుకుని బండ ఎక్కడమెలాగో తెలుసుకోవడానికి ఒక పిల్ల మరో రాష్ట్రానికి పోవలసి రావడమేమిటి?

మన చుట్టూ ఉన్న కొండలన్నీ ఎక్కడానికి పనికొస్తాయని నేను అనడం లేదు. తూర్పు కనుమల్లో మనకు ఎక్కువగా కనిపించే రాయి ఖొండలైట్. ఖోండు గిరిజనుల పేరు మీదుగా 1902లో దానికి ఆ పేరు పెట్టారు. దగ్గరగా చూస్తే అందులో ఎర్రటి గార్నెట్ గింజలు మెరుస్తుంటాయి. చూడడానికి ఎంత బాగున్నా, ఎండకూ వానకూ లోపలి ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం మట్టిగా మారిపోవడంతో, చేత్తో పట్టుకున్న అంచు చేతిలోకే ఊడి వచ్చే రాయి అది. టెక్కలి వైపు నీలి గ్రానైట్ క్వారీల్లో నిట్టనిలువు గోడలు చూసి ఇవైతే భేషుగ్గా ఉంటాయనుకునే కుర్రాళ్లకు కూడా ఒక మాట చెప్పాలి. రాయి గట్టిదే, కానీ మందుగుండు పెట్టి పేల్చిన ముఖంలో కంటికి కనబడని పగుళ్లు ఎన్నో ఉంటాయి. అందుకే గాలికీ వానకూ తనంతట తానే నునుపుదేరి, పొరలు రాలిపోయి, గట్టి రాయి మాత్రమే మిగిలిన గుండ్రటి బండలు అరుదైన సొత్తు. రామతీర్థంలో ఉన్నవి అటువంటివి.

అక్కడ కూడా హద్దులు ఉండాలి. బోధికొండ మీద రాముడి గుడి ఉంది. అది భక్తుల కొండ, దాని జోలికి పోనక్కరలేదు. గురుభక్తులకొండ, దుర్గకొండల మీద బౌద్ధుల కాలం నాటి శిథిలాలు ఉన్నాయి. వాటి దరిదాపుల్లో ఒక్క మేకు కూడా దిగకూడదు. అయితే బండ ఎక్కడమంటే బండకు తూట్లు పొడవడమే అనుకోవడం తెలియనితనం. బౌల్డరింగ్‌కు మేకులూ అక్కరలేదు, తాడూ అక్కరలేదు. మనిషికి రెండింతలు ఎత్తుండే గుండు, కింద పరుచుకోవడానికి మందపాటి పరుపు, పడితే తల నేలకు కొట్టుకోకుండా చేతులు చాచి కాసుకునే ఇద్దరు స్నేహితులు ఉంటే చాలు. ఇలాంటి గుండ్లు ఆ చుట్టుపక్కల పొలాల్లో కూడా ఉన్నాయి.

రెండేళ్ల క్రితం ఒక విద్యాసంస్థలో బాధ్యత గల పెద్దమనిషి దగ్గర ఈ సంగతి కదిపితే ఆయన ఒకే ప్రశ్న వేశారు: "పిల్లవాడు పడితే ఎవరండీ బాధ్యులు?" ప్రశ్న సబబైనదే. కానీ దాన్ని అడిగి ఊరుకోవడంతో పని అయిపోయిందనుకోవడం సబబు కాదు. ఎందుకంటే పిల్లలు ఇప్పుడు కూడా ఎక్కుతూనే ఉన్నారు. కార్తీక వనభోజనాలప్పుడు ఏ కొండ దగ్గర చూసినా హవాయి చెప్పులతో, ఒక చేతిలో సెల్‌ఫోనుతో, తాడూ హెల్మెట్టూ లేకుండా, తేనెపట్టు ఎక్కడుందో కూడా చూసుకోకుండా ఎగబాకే కుర్రాళ్లు కనిపిస్తారు. వాళ్లకు ఎవరి అనుమతీ అక్కరలేదు. అనుమతి, బాధ్యత అనే మాటలు వచ్చేదల్లా ఎవరైనా పద్ధతిగా నేర్పుతామన్నప్పుడే.

ఆ కుర్రాళ్లలో ఒకప్పుడు నేనూ ఉన్నాను. డిగ్రీ రెండో ఏడాదిలో నలుగురు స్నేహితులతో కలిసి ఒక బండ సగం దాకా ఎక్కి, పైకి పోలేక, కిందికి దిగలేక, పొట్టను బండకు అంటించుకుని వణుకుతూ ఉండిపోయాను. అలా అతుక్కున్న కొద్దీ కాళ్లు జారుతూనే ఉన్నాయి. కింద మేకలు కాసుకుంటున్న ఒక పెద్దాయన చూసి, "చెప్పులిప్పెయ్ బాబూ, బండ మీద పడుకోకు, నిటారుగా నిల్చో," అని అరిచాడు. భయపడే మనిషికి అది తలకిందుల సలహాలా అనిపిస్తుంది. కానీ నిటారుగా నిలబడ్డాక పాదాలు నిజంగానే పట్టు దొరకబుచ్చుకున్నాయి. ఒళ్లు బండకు వాలితే బరువు పాదాల మీద నుంచి తప్పుకుంటుందనీ, నిలబడితే అదే బరువు పాదాన్ని రాతికి అదిమి ఒరిపిడి పెంచుతుందనీ నాకు తర్వాతెప్పుడో అర్థమైంది.

నేను అడుగుతున్నది రోప్‌వే కాదు, గాజు వంతెన కాదు, "ఐ లవ్" అని రాసిన బోర్డు అంతకంటే కాదు. కొండ కనబడితే మన వాళ్లకు ముందు తట్టేవి అవే కనుక ఈ మాట చెప్పవలసి వస్తోంది. ఉత్తరకాశీలోనో డార్జిలింగ్‌లోనో పర్వతారోహణ శిక్షణ పూర్తి చేసిన ఇద్దరు ముగ్గురిని పిలిపించి, పురావస్తు శాఖ వారిని, దేవాలయం వారిని, ఊరి పెద్దలను కూర్చోబెట్టుకుని, ఏ బండ ఎక్కవచ్చో, ఏది ఎక్కకూడదో గుర్తించమంటున్నాను. కార్తీకం నుంచి మాఘం దాకా, ఎండకు రాయి కాలని నెలల్లో, వారానికి రెండు ఉదయాలు హార్నెస్సూ (నడుముకూ తొడలకూ బిగించే పట్టీలు) హెల్మెట్టూ పెట్టి టాప్ రోప్ మీద, అంటే పైన కట్టి కిందికి వదిలిన తాడు ఆసరాతో, నేర్పించమంటున్నాను. వీటితో పాటు ఏదో ఒక ప్రాంగణంలో ఒక కృత్రిమ గోడ కట్టాలి. టోక్యోలో మొదటిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చిన ఈ ఆటలో, వేగం పోటీకి వాడే గోడ ఎత్తు 15 మీటర్లే. 2024 పారిస్‌లో పురుషులు దాన్ని ఐదు సెకన్లలోపే ఎక్కేశారు.

మన పిల్లలకు ఆ సత్తా ఎక్కడిదని ఎవరైనా నవ్వితే, వారిని రామతీర్థం ఉన్న ఆ నెల్లిమర్ల మండలంలోనే ఉన్న కొండవెలగాడ చూసి రమ్మంటాను. ఇనుప బరువులు ఎత్తడమే అలవాటుగా మారిన ఆ పల్లె నుంచి వెళ్లిన అమ్మాయే 2014 గ్లాస్గో కామన్‌వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం తెచ్చింది. శ్రీకాకుళం వైపు, కరణం మల్లీశ్వరి ఊరు ఊసవానిపేట కథ వేరే చెప్పాలా? ఆ ఊళ్లలో బరువులు, నేర్పేవాళ్లు ఉన్నారు కనుక పిల్లలు ఎత్తారు. ఇక్కడ బండ ఉంది, నేర్పేవాళ్లు లేరు.

మేనకోడలు పండగ వెళ్లాక తిరిగి వచ్చింది. అరచేతుల నిండా బొబ్బలు, ముఖం నిండా వెలుగు. "మావయ్యా, మొదటి రోజు ఏం నేర్పారో తెలుసా? బండను కౌగిలించుకోవద్దు, నిటారుగా నిలబడమన్నారు," అంది. ఆ ఆదివారమే ఇద్దరం బండి మీద రామతీర్థం వెళ్లాం. తను ఒక బండ కింద నిలబడి, ఎక్కడ అడుగు వేయవచ్చో, ఎక్కడ చెయ్యి ఆన్చవచ్చో వేలితో గాలిలో గీసి చూపించింది. తాడు లేదు, పైనుంచి పట్టుకునేవాళ్లు లేరు కనుక, ఎక్కకుండానే తిరిగి వచ్చాం.