కరకమలాల కాలం నాటి శాసనం

మా నెల్లూరు నడిబొడ్డున కొత్తగా చరిత్ర పార్కు తెరిచారు. సింహపురి వైభవమంతా ఒక్కచోటే చూడొచ్చంటే ఆదివారం సాయంత్రం ఇంటిల్లిపాదీ వెళ్లాం. గేటు దాటగానే ఎదురొచ్చిన వైభవం పేరు శిలాఫలకం. నల్ల గ్రానైటు, మనిషిని మించిన ఎత్తు, బంగారు రంగు అక్షరాలు. దాని వెనక ఎక్కడో తిక్కన ఉన్నాడట.

శాసనాలకు పేరుపడ్డ జిల్లా మనది. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కలిసి 1905లోనే నెల్లూరు జిల్లా శాసనాలను మూడు సంపుటాలుగా అచ్చువేశారు. నాలుగో సంపుటం వేసే మహానుభావుడు ఏ ఎనిమిది వందల ఏళ్లకో పుడితే ఆయనకు దొరికేది ఈ ఫలకమే. పాపం, ఆయన పని కాస్త తేలిక చేద్దామని అక్కడే నిలబడి పరిష్కరించాను.

"ఇందు మొదట బిరుదావళి ఉన్నది. అందరికీ 'గౌరవనీయులు' అన్న ఒకే బిరుదు ఉండుటను బట్టి ఆ కాలమున యుద్ధములు లేవని ఊహింపవచ్చు. పార్కును 'కరకమలములచే' ప్రారంభించిరట; నాటి పాలకులకు చేతులుండవలసిన చోట తామరపూలుండెడివి. సామంతులలో ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి అను అంతస్తులు కలవు. చివరనున్న ఏఈ, డీఈ, ఈఈ అనునవి బీజాక్షరములు కావచ్చును. పక్కనే సిమెంటు పూసిన మరొక ఫలకము దొరికినది. గీకి చూడగా, ఇదే పార్కునకు అంతకుముందటి వంశమువారు శంకుస్థాపన చేసినట్లున్నది. యుద్ధములు లేవన్న మాట ఉపసంహరించుకొనుచున్నాము. పూర్వపు శాసనముల చివర, దానము హరించినవాడు అరువది వేల యేండ్లు మలములో పురుగై పుట్టునన్న శాపముండెడిది. ఇందు గడ్డిపై నడిచినవారికి జరిమానా అని మాత్రమే కలదు. పార్కు దేని కొరకో ఎచ్చటను లేదు."

ఇక తిక్కన. ఫైబర్ తిక్కన. విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు తెలుగు చేసి, రాజ్యం పోగొట్టుకున్న మనుమసిద్ధి కోసం ఓరుగల్లు వెళ్లి గణపతిదేవుణ్ణి ఒప్పించాడని చెప్పుకునే మనిషికి బోర్డు మీద రెండు వాక్యాలు దక్కాయి. మూడోది విగ్రహానికి చందా ఇచ్చిన రియల్ ఎస్టేట్ వెంచర్‌ది, ప్లాట్ల ఫోన్ నంబరుతో సహా. గంటం విరిగిపోతే వేళ్ల మధ్య ఎవరో ఐస్‌క్రీమ్ పుల్ల గుచ్చారు. బానే అమరింది. అరుగు మీద కూర్చోబోతే వాచ్‌మన్ విజిల్ వేశాడు. "ఆడ కూర్చోబాకండి సార్, సెల్ఫీ తీసుకునేవాళ్లకి అడ్డం."

పొట్టి శ్రీరాములు గారికి మాత్రం గోడంతా ఇచ్చారు. 58 రోజుల దీక్ష, 1952 డిసెంబర్ 15, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితుల్ని రానివ్వాలని 1946లో ఇదే ఊళ్లో ఆయన పస్తున్న సంగతి లేదు. రాష్ట్రం కోసం మానేసిన అన్నమే చరిత్రన్నమాట.

దూబగుంట ఆడవాళ్ల కోసం పార్కంతా వెతికాను. లేరు. రాత్రి బళ్లలో అప్పుడప్పుడే అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు ఊరి సారా కొట్టు మూయించారు. అది ఊరూరా పాకింది. 1992లో ఈ జిల్లాలో సారా వేలంపాటలు జరగనివ్వకుండా అడ్డం పడితే అధికారులు వాయిదాల మీద వాయిదాలు వేసుకున్నారు. చివరికి 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా బందు. కూలికి పోయే ఆడవాళ్లు ప్రభుత్వ ఖజానాతో తలపడి గెలిచారయ్యా! తాళపత్రాలు తిరగెయ్యక్కర్లేదు, నిన్నమొన్న మన కళ్లముందు జరిగింది. వాళ్లకో విగ్రహం లేదు, బోర్డు లేదు, పేరు లేదు. కాంట్రాక్టరు పేరుంది. ఆయన తండ్రిగారి జ్ఞాపకార్థం సిమెంటు బెంచీ ఉంది. ఫలకం మీదున్న గౌరవనీయులందర్నీ వరసబెట్టి అడగాలనుంది: మర్చిపోయారా, బాగా గుర్తుండే వదిలేశారా?

ఆ బెంచీ కింద క్వార్టర్ సీసాలు దొర్లుతున్నాయి. ఎక్కడివని వాచ్‌మన్‌ని అడిగితే గేటు బయటికి చెయ్యి చూపించాడు. రోడ్డుకి అవతల వైన్ షాపు. "టైమయింది, కదలండి సార్," అన్నాడు. పార్కు ఎనిమిదింటికి మూసేస్తారు. అది పదిదాకా ఉంటుంది.