బావా, ఆ పాత క్యాసినో హోటల్ బుక్ చేసే ముందు ఒక్క మాట విను

శ్రీకాకుళం నుంచి మా మేనత్త కొడుకు నిన్న రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో ఒక స్క్రీన్‌షాట్ పడేశాడు. లాస్ వేగాస్‌లో, పెద్ద పెద్ద క్యాసినోలు వరసగా ఉండే స్ట్రిప్ అనే వీధి మీదే, పాతకాలపు క్యాసినో హోటల్, రాత్రికి 78 డాలర్లు. కింద ఒకే ముక్క: "బుక్ చేసీమంటావా?"

వాళ్లమ్మాయి డల్లాస్‌లో ఉద్యోగం చేస్తోంది. బావ, అక్క, పదిహేడేళ్ల చిన్నాడు, మా మేనత్త, అందరూ కలిసి వెళ్తున్నారు. మన వాళ్ల అమెరికా ట్రిప్పంటే తెలిసిందే కదా, వేగాస్, అక్కణ్నుంచి గ్రాండ్ కాన్యన్ ఉండి తీరాలి. నేను వాయిస్ మెసేజ్ మొదలెడితే ఏడు నిమిషాలైంది, చెప్పాల్సింది సగం కూడా అవలేదు. ఎలాగూ ఇదే ప్రశ్న మా విజయనగరంలోనూ ముగ్గురు నలుగురు అడిగారు కాబట్టి ఇక్కడే రాసేస్తున్నా.

ముందుగా మాది చెప్తాను. 2023లో మేం వెళ్లాం. లాస్ ఏంజెల్స్ నుంచి తమ్ముడు కారు నడిపాడు, వెనకాల నేను, మా ఆవిడ, అమ్మ. స్ట్రిప్ మీద ఓ పాత హోటల్, పేరు చెప్పను, అనవసరం. గది 34 డాలర్లని చూసి నేనే ఎగిరి గంతేసి తీసుకోమన్నాను. చివరి పేజీకి వెళ్లేసరికి రిసార్ట్ ఫీజట, ఇంకో 45. పావలా కోడికి ముప్పావలా మసాలా. ఆ ఫీజు ఎందుకయ్యా అంటే వైఫై, జిమ్ము, ఇంకా లోకల్ ఫోన్ కాల్స్ ఉచితమట. లాస్ వేగాస్‌లో మాకెవరున్నారు లోకల్ కాల్ చేయడానికి! పైన పదమూడు శాతం పైచిలుకు పన్ను. మొత్తం 90కి తేలింది, పార్కింగ్ వేరే.

ఇప్పుడా మోసం కొంచెం తగ్గింది. 2025 మే 12 నుంచి అక్కడి ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన వచ్చింది, తప్పనిసరిగా కట్టాల్సిన ఫీజులన్నీ మొదట చూపించే ధరలోనే కలిపి చూపించాలి. ఫీజు తీసేయలేదు, దాచడం కుదరదన్నారంతే. అందుకే బావ పంపినదాంట్లో 78 అని ఉంది, ఆ రోజుల్లో అయితే అదే గది ముప్పై చిల్లరకి మెరిసిపోతూ కనిపించేది. పన్ను మాత్రం ఇంకా విడిగా రావచ్చు బావా, చూసుకో. ఇంకోటి, చెకిన్ అయినప్పుడు కార్డు మీద డిపాజిట్ కింద కొంత డబ్బు పట్టి ఉంచుతారు, తిరిగొచ్చేసరికి రోజులు పడుతుంది, మన డెబిట్ కార్డు ఇచ్చావంటే అందులో డబ్బు ఇరుక్కుపోతుంది. అమ్మాయి క్రెడిట్ కార్డు ఇవ్వు.

సరే, డబ్బు సంగతి వదిలేయ్. నా గొడవ అది కాదు.

మన ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర లాడ్జికి వెళ్తే ఏం చేస్తాం? కుర్రాడు తాళం పట్టుకుని ముందు నడుస్తాడు, మనం వెనకాలే వెళ్లి ఫ్యాను వేసి చూస్తాం, కుళాయి తిప్పుతాం, దుప్పటి వాసన చూస్తాం, నచ్చకపోతే పక్క లాడ్జికి పోతాం. అక్కడ ఆ వీలు లేదు కాబట్టి ఫోటోలు చూసి తీసుకుంటాం. ఫోటోల్లో గది ఉంటుంది. గదికి వెళ్లే దారి ఉండదు. నన్నడిగితే పాత క్యాసినో హోటల్లో చూడాల్సిందల్లా ఆ దారే.

మేం రాత్రి తొమ్మిదిన్నరకి దిగాం. పార్కింగ్ నుంచి ఒక వంతెన, వంతెన దాటితే దుకాణాల వరస, అది దాటితే క్యాసినో. గదికి ఎటెళ్లాలన్నా క్యాసినో మధ్యలోంచే, పక్కదారి లేదు. అలా కట్టడమే వాళ్ల వ్యాపారం. గడియారం కనపడదు, కిటికీ కనపడదు, రంగురంగుల తివాచీ మీద వేల జూదం మిషన్లు టింగు టింగుమంటూ. పైన సిగరెట్ పొగ, ఆ పొగని కప్పెట్టడానికి కొట్టిన సెంటు, రెండూ కలిసి గొంతులో కూర్చుంటాయి. అమ్మ పమిట ముక్కుకి అడ్డం పెట్టుకుని, మోకాళ్లు పట్టుకుంటూ నడుస్తూ అంది, "ఇదేటిరా నాయినా, గదికెళ్లాలంటే తీర్థంలోంచి ఎళ్లాలా? గుండాటలు కూడా ఉన్నాయి."

అంతా నడిచి, లిఫ్టెక్కి, పద్దెనిమిదో అంతస్తులో పొడుగాటి కారిడార్ చివరికి వెళ్తే కీ కార్డు పనిచెయ్యలేదు. ఎర్రలైటు. మళ్లీ కిందకి. రిసెప్షన్ లైన్లో తమ్ముడు నిలబడ్డాడు, ముందర ముప్పై మందైనా ఉన్నారు. అమ్మని కూర్చోబెడదామంటే ఎక్కడ? అంత పెద్ద హాల్లో ఉన్న కుర్చీలన్నీ మిషన్ల ముందే. ఒకదాని మీద కూర్చోబెట్టాం. రెండు నిమిషాలకి యూనిఫాం వేసుకున్న ఒకాయన వచ్చి నవ్వుతూనే, చాలా మర్యాదగా, ఇవి ఆడేవాళ్లకి మేడమ్ అన్నాడు. మా ఆవిడకి ఒళ్లు మండి బ్యాగులోంచి ఒక డాలర్ నోటు తీసి మిషన్లో దూర్చింది. స్క్రీన్ మీద ఒకటి అని పడింది. అంతే, అమ్మ ఆ బటన్ ముట్టుకోలేదు, చేతులు ఒళ్లో పెట్టుకుని, మిషన్ ముందు, సత్యనారాయణ వ్రతంలో కూర్చున్నట్టు ఇరవై నిమిషాలు కూర్చుంది. లేచేటప్పుడు తమ్ముడు క్యాష్ అవుట్ నొక్కితే డాలరుకి చీటీ వచ్చింది. ఆ చీటీ ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది.

గది విషయానికొస్తే, పరుపు బాగానే ఉంది, అబద్ధం చెప్పకూడదు. కానీ స్నానాల గదిలో షవర్ తొట్టి లోపల ఉంది. తొట్టి గట్టు మోకాలెత్తు. ముసలావిడ ఆ గట్టు ఎక్కి జారే తొట్టిలో నిలబడి స్నానం చెయ్యాలి. రోజూ మా ఆవిడ చెయ్యి పట్టుకుని దింపేది. బకెట్టూ మగ్గూ ఉండవని తెలిసి మగ్గు విజయనగరం నుంచే పట్టుకెళ్లాం, తొట్టికి విరుగుడు మాత్రం పట్టుకెళ్లలేదు.

ఫ్రిజ్ కథ వేరే. అమ్మ ఇన్సులిన్ పెట్టాలి కదా, గదిలో అమ్మకానికి సీసాలు పెట్టే చిన్న ఫ్రిజ్, మినీబార్ అంటారు, అందులో రెండు సీసాలు పక్కకి జరిపి పెట్టాం. దానికి సెన్సర్ ఉంటుంది, సీసా కదిలితే తాగినట్టే లెక్క. చెకౌట్ రోజు బిల్లులో రెండు సీసాలు! తాగలేదు మహాప్రభో, చూసుకోండి అంటే తీసేశారులే, కానీ ఆ అరగంట టెన్షన్ ఎందుకు మనకి? మందులకి ఫ్రిజ్ కావాలని ముందే అడిగితే చాలా హోటళ్లు విడిగా ఇస్తాయని తర్వాత తెలిసింది. మేనత్తకీ షుగరే బావా, ఇది మర్చిపోకు.

అలాగని పాతవన్నీ దండగ అనను. అసలు పాత అనే మాటకి అక్కడ అర్థమే వేరు. మన విజయనగరం కోట 1713 నాటిది, ఇంకా ఊరి మధ్యలో దర్జాగా ఉంది. వాళ్లకి 1993లో కట్టిన లక్సర్ పిరమిడ్ హోటల్ పాతది. 1989లో తెరిచిన మిరాజ్‌ని 2024 జూలైలో మూసేశారు. 1957 నాటి ట్రాపికానాని అదే ఏడాది అక్టోబర్ 9 తెల్లవారుజామున బాణసంచా కాల్చి, డ్రోన్ల షో పెట్టి మరీ కూల్చారు, బేస్‌బాల్ స్టేడియం కోసం. ఫ్లమింగో 1946లో మొదలైంది, కానీ ఆనాటి కట్టడం ఇప్పుడు ఒక్క గోడ కూడా లేదు, మిగిలింది పేరొక్కటే. అదే డౌన్‌టౌన్‌లో, అంటే పాత ఊరి మధ్యలో, ఎల్ కోర్టెజ్ 1941 నుంచి నిజంగానే నిలబడి ఉంది. కాబట్టి హోటల్ ఎప్పటిదని అడిగి లాభం లేదు. ఒకే హోటల్లో నాలుగు టవర్లుంటాయి, ఒకటి మొన్న బాగుచేసింది, ఇంకోటి ఇరవై ఏళ్లుగా ముట్టుకోనిది. చవగ్గా వచ్చేది ఏ టవరో వేరే చెప్పాలా?

పాత బిల్డింగంటే అగ్గి భయం అని అక్క అందట. భయం ఊరికే పుట్టలేదు. 1980 నవంబర్‌లో అప్పటి ఎం.జి.ఎం. గ్రాండ్‌లో మంటలు లేచి 85 మంది పోయారు, ఎక్కువమంది పై అంతస్తుల్లో పొగకే. ఆ దెబ్బతో వేగాస్ ఉన్న నెవాడా రాష్ట్రంలో ఎత్తైన హోటళ్లకి, పాతవాటికి కూడా, నీళ్ల స్ప్రింక్లర్లు పెట్టి తీరాలని చట్టం చేశారు. ఆ భవనమే ఇప్పుడు హార్స్‌షూ పేరుతో నడుస్తోంది. ఆ విషయంలో మన ఊరి లాడ్జీల కన్నా అవే నయం, నమ్ము.

పొగ సంగతే తేలనిది. 2006లో పొగాకు మీద చట్టం తెచ్చారు గానీ క్యాసినో హాల్‌ని వదిలేశారు. స్ట్రిప్ మీద పొగ పూర్తిగా మానేసిన మొదటి క్యాసినో హోటల్ పార్క్ ఎం.జి.ఎం., 2020 నుంచి. అది కూడా కొత్త బిల్డింగ్ కాదు, 1996లో మాంటే కార్లో పేరుతో కట్టిందే, బాగుచేసి పేరు మార్చారు. ఇరవై ముప్పై డాలర్లు ఎక్కువైనా మేనత్త ఉన్నప్పుడు నేనైతే దానికే వెళ్తాను.

నలుగురు స్నేహితులు కలిసి వెళ్తున్నారా, పగలంతా తిరిగి రాత్రి రెండింటికి వచ్చి పడుకుని పొద్దున్నే లేచి పోయే బాపతా, హాయిగా పాతదే తీసుకోండి. నాకు మాత్రం స్ట్రిప్ మీద ఉన్న పాత భారీ హోటళ్ల కన్నా డౌన్‌టౌన్‌లో ఫ్రీమాంట్ వీధి పాతవే ఇష్టం. చిన్నవి, పార్కింగ్ నుంచి గదికి ఐదు నిమిషాలు, వీధిలోకి దిగితే చాలు సందడంతా అక్కడే. స్ట్రిప్‌కి వెళ్లాలంటే డ్యూస్ అని డబుల్ డెక్కర్ బస్సు రాత్రింబవళ్లు తిరుగుతుంది. వీధి వైపు గది మాత్రం తీసుకోకండి, ఆ బ్యాండ్ల మోతకి నిద్ర పట్టదు, మన తీర్థాల్లో మైకు సెట్టు నయమనిపిస్తుంది.

ఇంకో సంగతి, చాలామంది అనుకునేది: మనం జూదం ఆడం కదా, వాళ్లు జూదం కోసం చవగ్గా ఇచ్చిన గది మనకి లాభమే కదా అని. ఆ లెక్క ఎప్పుడో మారిపోయింది. స్ట్రిప్ హోటళ్ల ఆదాయంలో సగానికి పైగా వచ్చేది గదులు, తిండి, షోల మీదే. ఆడకపోయినా మన దగ్గర లాగుతారు. గదిలో కాఫీ పెట్టుకునే సరంజామా చాలాచోట్ల ఉండదు, కిందకి దిగి కొనాలి, దిగాలంటే మళ్లీ ఆ హాల్లోంచే. చిన్నాడికి 21 నిండలేదు కాబట్టి వాడు ఆ హాల్లో నడిచి దాటొచ్చు గానీ ఆగి నిలబడకూడదు, వింత చూస్తానని ఆగాడంటే ఎవరో ఒకరొచ్చి కదలమంటారు.

కాబట్టి బావా, ఉచితంగా క్యాన్సిల్ చేసుకునే గడువు శుక్రవారం దాకా ఉందన్నావు కదా. అమ్మాయి చేత హోటల్‌కే ఒకసారి ఫోన్ చేయించు. ఏ టవరు, ఎప్పుడు బాగుచేశారు, స్నానానికి తొట్టా, విడిగా షవరా, లిఫ్టు దగ్గర గది ఇస్తారా, మందులకి ఫ్రిజ్ పెడతారా. సూటిగా చెప్తే ఉంచుకో. "వచ్చాక చూద్దాం మేడమ్" అన్నారంటే క్యాన్సిల్ చేసెయ్.

ఇది రాస్తుంటే పక్కనుంచి అమ్మ, ఆ డాలర్ చీటీ బావకిచ్చి పంపమంటోంది, వెళ్తున్నాడు కదా, మార్చుకొస్తాడని. దాని గడువు ఎప్పుడో అయిపోయుంటుందమ్మా అంటే వినదు. దేవుడి గూట్లోంచి తీసి, మడత విప్పి, కళ్లజోడు పెట్టుకుని చూస్తోంది.