అనంతపురంలో వేడి తక్కువైందని నీకెవరు చెప్పినారు?

మహారాజశ్రీ జినాన్ ఫ్లాష్‌ల్యాంపు గారి దివ్యసముఖానికి, అనంతపురం నుంచి ఒక రీసెర్చ్ స్కాలర్ నమస్కరించి రాసుకునేదేమంటే,

మా లేజర్‌కు వెలుతురు మేపే ల్యాంపు కదా తమరు, నిన్న మధ్యాహ్నం తమరు చేసిన ఘనకార్యం గురించే సామీ. శాంపిల్ పెట్టినాం, అలైన్‌మెంట్ కుదిరింది, గాగుల్స్ తగిలించుకున్నాం, తమరు టక టక మని వెలగడం మొదలుపెట్టినారు, అంతలోనే తమరిని చల్లబరిచే నీళ్ల మిషను, అదే చిల్లర్, కుయ్యోమని అరిచె. నీళ్లు వేడెక్కినాయంట, ఇంటర్‌లాక్ పడి లేజర్ దానంతటదే ఆగిపోయె. చల్లారినాక మళ్లీ వేస్తే మళ్లీ అదే కత, సాయంత్రానికి కరెంటు కూడా పోయె, తాళం వేసుకుని ఇండ్లకు పోయినాం.

నా బాధ ఒకటే. షాట్‌కు 30 జూల్స్ తాగుతారు, సెకనుకు 10 షాట్లు. అవతల తమరి వెలుతురు తిని లేజర్ పుట్టించే స్ఫటికం కడ్డీ ఉందే, ఆ యాగ్ రాడ్‌లోంచి 1064 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర బయటికొచ్చేది 300 మిల్లీజూల్స్. నూటికి ఒకటి! మిగతాదంతా యాడికి పోయిందప్పా? దాదాపు అంతా వేడే. మే నెలలో, అనంతపురంలో, వేడి! ఇక్కడ వేడి కావాలని ఎవడన్నా అర్జీ పెట్టుకున్నాడా? తమరు వెలిగేదేమో అల్ట్రావయొలెట్ నుంచి ఇన్‌ఫ్రారెడ్ దాకా, ఆ రాడ్‌లో ఉండే నియోడిమియం బాగా తినేదేమో 750, 810 నానోమీటర్ల దగ్గర సన్న పట్టీలు. ఇద్దరు తినేదానికి ఊరంతటికీ సంగటి కెలికినట్టుంది యవ్వారం. ఆ మిగిలింది చల్లార్చేదానికి మళ్లీ చిల్లరు, ఆ చిల్లరు ఊదే వేడిగాలి మళ్లీ మా రూములోకే!

మీ వంశమే అంతలే. కాలిఫోర్నియాలో నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీ అనే పెద్ద లేజర్ కేంద్రంలో మీ దాయాదులు 7,680 మంది ఉండారు. 2022 డిసెంబర్‌లో 2.05 మెగాజూల్స్ లేజర్ కొడితే ఫ్యూజన్‌లో, అంటే పరమాణు కేంద్రకాలు కలిసిపోయేదాంట్లో, 3.15 వచ్చినాయని లోకమంతా చప్పట్లు కొట్టె. ఆ 2.05 పుట్టించేదానికి కరెంటు లైన్లోంచి లాగింది 300 మెగాజూల్స్ దాకా.

పైగా మర్యాదలు ఒకటా? తమరి క్వార్ట్జ్ గొట్టం మీద వేలు తగలగూడదు. మేము ట్యాంకర్ నీళ్లు తాగాల, తమరికేమో లవణాలన్నీ తీసేసిన డీఅయనైజ్డ్ నీళ్లు. కొత్త ల్యాంపు ఇండెంటు ఏ బల్ల మీద నిద్రపోతా ఉందో ఆ దేవుడికే ఎరుక.

ఒరే, 808 నానోమీటర్ల దగ్గర మాత్రమే వెలిగే లేజర్ డయోడ్లు వచ్చినాయిరా, తెలుసా నీకు? సరిగ్గా తినేదే వడ్డిస్తాయి. వాటి రేటు చూసి మా సార్ ఆ కొటేషన్ మడిచి సొరుగులో పెట్టినాడు, అందుకే బతికిపోయినావు. పోనీలే, 1960లో మైమన్ అనే శాస్త్రవేత్త రూబీలోంచి మొదటి లేజర్ తీసింది కూడా చుట్టలు తిరిగిన నీలాంటి ల్యాంపుతోనే, ఆ గౌరవం తీసెయ్యలేను.

రేపు ఎండ ఎక్కకముందే, ఆరింటికే ల్యాబ్ తెరుస్తాం. చిల్లరును అరిపించకుండా ఒక్క రీడింగ్ తీసుకోనియ్యప్పా.