లేహ్ నుంచి అగత్తికి కాకి లెక్క

లద్దాఖ్‌లోని లేహ్ నుంచి లక్షద్వీప్‌లోని అగత్తికి ఆకాశమార్గాన 2,650 కిలోమీటర్లు, ప్రయాణం 3 గంటల 48 నిమిషాలు. దూరాలు చెప్పే వెబ్‌సైట్లు ఈ జ్ఞానాన్ని ఉచితంగా పంచిపెడుతున్నాయి. కింద ‘చవక టికెట్లు’ అని ఓ బటన్ కూడా. ఆ రెండూళ్ల మధ్య అసలు విమానమే లేదనే చిల్లర సంగతి మనం పట్టించుకోకూడదు.

లెక్క కట్టే పద్ధతి బ్రహ్మవిద్యేమీ కాదు. రెండు చోట్ల అక్షాంశ రేఖాంశాలు తీసుకుని, భూగోళం మీద అతి దగ్గరి గీత గీసి, గంటకు 500 మైళ్ల చొప్పున, అంటే 805 కిలోమీటర్ల చొప్పున భాగించి, లేవడానికీ దిగడానికీ ఓ అరగంట కలపడమే. మరి ఇదే లెక్కన లేహ్ నుంచి లేహ్‌కి ఎంతసేపు? దూరం సున్నా, సమయం అరగంట! తెల్లారే లేచి, ఉన్ని టోపీ పెట్టుకుని, సెక్యూరిటీలో బెల్టు విప్పి, విమానంలో ఆ బెల్టు మీద ఇంకో బెల్టు కట్టుకుని, ముప్పై నిమిషాలు కూర్చుని, లేహ్‌లో దిగి, బ్యాగు కోసం ఎదురుచూడాలి. గానుగెద్దు నయం, కాస్త నూనైనా వస్తుంది.

పోనీ, విమానం వేద్దామనే అనుకుందాం. ఏది వేస్తారు? లేహ్ విమానాశ్రయం 3,256 మీటర్ల ఎత్తున ఉంది. గాలి పలచన కాబట్టి ఇంజన్ల శక్తి తగ్గుతుంది, రెక్కలకు ఊతం చాలదు. ఎండెక్కితే మరీ కష్టం. అందుకే ఎయిర్‌బస్ 320 లాంటి జెట్‌లోనూ బరువు తగ్గించుకుంటారు, సర్వీసులన్నీ దాదాపు పొద్దుటే ముగిస్తారు. మధ్యాహ్నం లోయలో ఈదురుగాలి. అగత్తిలోనేమో రన్‌వే సుమారు 1,200 మీటర్లే, అటు సముద్రం, ఇటు సముద్రం. అక్కడికి పోయేది ఏటీఆర్ అనే రెండు పంకాల చిన్న విమానం. దాని వేగం గంటకు 500 కిలోమీటర్లు, నిండా జనంతో ఒక్క ఊపున 2,650 పోలేదు. లేహ్‌లో లేచే జెట్‌కి అగత్తి రన్‌వే సరిపోదు, అగత్తిలో వాలే ఏటీఆర్‌కి లేహ్ అందదు. ఈ మార్గానికి పనికొచ్చేది పుష్పక విమానమొక్కటే.

అసలు దారి వేరు. పొద్దున్నే లేహ్ నుంచి ఢిల్లీ, అక్కణ్నుంచి కొచ్చి, రాత్రికి అక్కడే బస, మర్నాడు ఏటీఆర్‌లో గంటన్నర లోపు అగత్తి. లక్షద్వీప్ ప్రవేశ అనుమతి ముందే తీసుకోకపోతే కొచ్చిలోనే ఆగిపోవాలి. ఆ ముక్క ఏ బటనూ చెప్పదు.

నవ్వు ఇక్కడితో సరి. శ్రీనగర్ నుంచి లేహ్ వచ్చే రోడ్డు మీది జోజిలా కనుమ మంచుకు మూసుకుపోయిన రోజుల్లో, గుండె జబ్బు మనిషిని ఢిల్లీకి తీసుకెళ్లాల్సిన లేహ్ కుటుంబానికి పొద్దుటి విమానమే ఆధారం. మబ్బు దిగి అది రద్దయితే ఆ రోజు మరి దిక్కులేదు. అగత్తిలో ప్రాణం మీదికొస్తే హెలికాప్టర్ కొచ్చి చేర్చాలి, వానాకాలం అదీ ఆకాశం దయ. ఎంతసేపు పడుతుందని ఆత్రంగా అడిగేది ఇలాంటి వాళ్లు కూడా. వాళ్ల చేతిలో భాగహారం చేసిన ఓ అంకె పెట్టి, పక్కన ప్రకటనలు అమ్ముకుంటారా? సిగ్గుండాలి!

తిరుగు ప్రయాణానికీ అదే 3 గంటల 48 నిమిషాలు. సముద్రమట్టం నుంచి ఒక్కసారిగా లేహ్ ఎక్కిన మనిషి తలనొప్పి, ఆయాసం రాకుండా ఒకటి రెండు రోజులు కదలకుండా పడుకోవాలన్న మాట మాత్రం ఉండదు. ‘కాలభేదం: 0 గంటలు’ అని మాత్రం రాశారు. అది నిజమే.